అద్దె టౌన్‌హోమ్ కష్టాలు: ఓనర్‌కీ హెచ్‌ఓఏకీ మధ్య నలిగిపోతున్నాం

వానచినుకు (టెక్సస్)

అందరికీ నమస్కారం. డాలస్‌కి ఉత్తరాన ఒక కమ్యూనిటీలో టౌన్‌హోమ్ (పక్కిళ్ళతో గోడలు కలిసి ఉండే వరస ఇల్లు) అద్దెకు తీసుకుని ఉంటున్నాం. నేను, మా వారు, ఇద్దరు పిల్లలు. ఇల్లు బాగుంటుంది, స్కూలు దగ్గర, చుట్టుపక్కల వాళ్ళు మంచివాళ్ళు. బాధంతా ఒక్కటే. ఇల్లు ఒకరిది, రూల్స్ ఇంకొకరివి, అందులో బతికేది మేం.

మొన్న మా ఓనర్ ఒక పీడీఎఫ్ ఫార్వర్డ్ చేసి "ప్లీజ్ టేక్ కేర్" అని ఒక్క ముక్క రాశాడు. తెరిచి చూస్తే హెచ్‌ఓఏ (కమ్యూనిటీలోని ఇళ్ళ ఓనర్ల అసోసియేషన్) నుంచి ఫైన్ లెటర్. అంతకుముందే నోటీసులు పంపామని అందులో ఉంది. అవేవీ మా దాకా రాలేదు. ఓనర్ వేరే రాష్ట్రంలో ఉంటాడు, ఉత్తరాలు అక్కడికే పోతాయి. లెటర్‌లో ఫొటోలు కూడా పెట్టారు. ఒకదాంట్లో మా గుమ్మం పక్కన చెప్పుల స్టాండు, దాని మీద మా అత్తగారి చెప్పులు, కింద పిల్లల క్రాక్స్. ఇంకోదాంట్లో మా చిన్నవాడి సైకిల్ డ్రైవ్‌వేలో పడుంది. మూడోది చెత్తడబ్బా, గ్యారేజీ పక్కన రోడ్డు మీదికి కనిపిస్తోంది. ఫైన్ 100 డాలర్లు, వచ్చే నెల అద్దెతో కలిపి పంపమంటున్నాడు.

నాకు ఒళ్ళు మండింది ఫైన్ గురించి కాదు. హెచ్‌ఓఏ పనులు చూసే మేనేజ్‌మెంట్ కంపెనీకి ఫోన్ చేస్తే "మీరు ఓనరా? కాకపోతే మీతో మాట్లాడలేం" అని పెట్టేశారు. మా గుమ్మం ఫొటో తియ్యడానికి మేం ఉన్నాం, మాట్లాడటానికి మాత్రం లేం.

ఇంకో పెద్ద తలనొప్పి ఉంది. పైన బెడ్‌రూమ్‌లో సీలింగ్ కారుతోంది. అరచెయ్యంత ఉన్న మచ్చ ఇప్పుడు ఫ్యాన్ దాకా పాకింది. రూఫ్ హెచ్‌ఓఏది అంటాడు ఓనర్. వాళ్ళేమో ఓనర్‌నే రిక్వెస్ట్ పెట్టమంటారు. పెట్టానంటాడు ఆయన, ఆ రిక్వెస్ట్ తమకి రాలేదంటారు వాళ్ళు. వాన పడితే ఆ గదిలో పిల్లల్ని పడుకోబెట్టడం లేదు.

ఫైన్ మేమే కట్టాలా? రూఫ్ సంగతి ఎవరిని అడగాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

సీమబిడ్డ

అక్కా, చెప్పుల స్టాండుకు ఫైనా! మాకూ వచ్చింది ఇట్లాంటిదే, తువ్వాలు బాల్కనీలో ఆరేసినందుకు. ఫాలో అవుతున్నా.

బెజవాడ బాబాయ్ (టెక్సస్)

అమ్మా, నేను మా కమ్యూనిటీ బోర్డులో ఉన్నాను, జీతం లేని పని. అవతలి వైపు ఏం జరుగుతుందో చెప్తాను, సమర్థించడానికి కాదు.

మేనేజ్‌మెంట్ కంపెనీ మనిషి నెలకో రెండు వారాలకో కారులో ఒక రౌండు వేస్తాడు. రోడ్డు మీంచి కనిపించినవన్నీ ఫొటో తీసి సిస్టమ్‌లో ఎక్కిస్తాడు. లెటర్ దానంతటదే తయారై ఓనర్ అడ్రసుకి పోతుంది. ఆ ఇంట్లో ఎవరుంటున్నారో వాళ్ళకి తెలియదు, తెలుసుకోవాలని కూడా వాళ్ళ పనిలో లేదు. ఆ కంపెనీ పనిచేసేది బోర్డుకి. అసోసియేషన్ సభ్యుడంటే ఓనర్ ఒక్కడే, ఒప్పందం వాళ్ళిద్దరి మధ్యే. అద్దెకున్నవాళ్ళు ఆ కాగితాల మీద ఎక్కడా సంతకం పెట్టరు, కానీ కాగితాల్లో ఉన్న ప్రతి రూలూ వాళ్ళ రోజువారీ బతుకు మీదే పడుతుంది. నేను బోర్డులోకి వచ్చాక ఇది చూసి చాలా బాధపడ్డాను. మా దగ్గర ఓనర్ ఒప్పుకుంటే టెనెంట్ ఈమెయిల్‌కి కూడా కాపీ వెళ్ళేలా పెట్టించాం. పోర్టల్‌లో ఒక గడి నింపితే అయిపోయే పని. మీ కమ్యూనిటీలోనూ ఆ సదుపాయం ఉండొచ్చు, మీ ఓనర్ ఎప్పుడూ ఆ పేజీ తెరిచి ఉండడు.

పాత కాగితం (టెక్సస్)

నేను లాయర్ని కాను, కానీ ఇక్కడి ప్రాపర్టీ కోడ్ (ఆస్తుల చట్టం)తో ఆఫీసులో రోజూ పని. ఫైన్ విషయం ముందు చెప్తాను.

టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 209వ చాప్టర్ ప్రకారం, ఫైన్ వేసే ముందు అసోసియేషన్ ఓనర్‌కి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. సరిదిద్దుకోవడానికి తగిన గడువివ్వాలి. నోటీసు పోస్టు చేసిన తేదీ నుంచి 30 రోజుల్లోపు బోర్డు ముందు హియరింగ్ (తన వాదన వినమని) అడిగే హక్కు ఓనర్‌కి ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. గత 6 నెలల్లో అలాంటి తప్పుకే నోటీసిచ్చి, సరిదిద్దుకునే అవకాశం కూడా ఇచ్చి ఉంటే, ఈసారి మళ్ళీ గడువివ్వక్కర్లేదు. అంటే మొదటి నోటీసు ఓనర్ మెయిల్‌బాక్స్‌లో నిద్రపోతే, మీకు రావాల్సిన గడువు మీకు తెలియకుండానే ఖర్చయిపోతుంది. వానచినుకు గారి విషయంలో జరిగింది అదే.

ఇప్పుడు మీ లీజు తియ్యండి. "టెనెంట్ వల్ల పడిన హెచ్‌ఓఏ ఫైన్లు టెనెంటే భరించాలి" అనే వాక్యం చాలా లీజుల్లో ఉంటుంది. ఉంటే ఫైన్ మీ మీదకి రావచ్చు. కానీ నోటీసు తన చేతిలో పెట్టుకుని మీకు చెప్పకపోవడం వల్ల పెరిగిన ఫైన్ మీదెలా అవుతుందని ఓనర్‌ని అడగొచ్చు, అడగాలి. ఈమెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు. మొదటి నోటీసు ఏ తేదీన తనకి వచ్చింది, మీకు ఏ తేదీన ఫార్వర్డ్ చేశాడు, ఈ రెండు తేదీలూ అందులో రాయండి.

2024 జనవరి 1 నుంచి ఇక్కడి అసోసియేషన్లు ఫైన్ల పాలసీని రాతపూర్వకంగా పెట్టుకోవాలి. ఏ తప్పుకి ఎంత అన్నది అందులో ఉండాలి. మీ దగ్గర చెప్పుల స్టాండుకి 100 డాలర్లని ఉందో లేదో చూడండి. మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ (అసోసియేషన్ వివరాలుండే కాగితం) హెచ్‌ఓఏ డాట్ టెక్సస్ డాట్ గవ్ సైట్‌లో వెతకొచ్చు, దానికి ఓనర్ అయి ఉండక్కర్లేదు.

తెనాలి ఎక్స్‌ప్రెస్

నేను ఓనర్ని. తిట్టకండి, నా వైపు కూడా వినండి.

2020లో ఇల్లు కొన్నాను. లోన్ వడ్డీ రేటు మూడు శాతానికి దగ్గర్లో దొరికింది. ఉద్యోగం మారి వేరే ఊరు రావాల్సి వచ్చింది. అమ్మేస్తే మళ్ళీ అలాంటి లోన్ జన్మలో రాదని అద్దెకిచ్చాను. నాలాంటి వాళ్ళు మీ కమ్యూనిటీలో చాలామంది ఉంటారు. 2021 జనవరిలో 2.65 శాతం ఉన్న 30 ఏళ్ల సగటు రేటు 2023 అక్టోబరులో 7.79కి పోయింది. ఎవరమ్ముతారు? మేమెవరం అద్దె వ్యాపారం నేర్చుకుని చేస్తున్నవాళ్ళం కాదు. హెచ్‌ఓఏ నుంచి వారానికి నాలుగు మెయిల్స్ వస్తాయి, స్విమ్మింగ్ పూల్ మూసివేత, గడ్డి మందు, మీటింగ్, ఎలక్షన్. ఫైన్ నోటీసు వాటి మధ్యలో వస్తుంది. దానికితోడు డ్యూస్ (హెచ్‌ఓఏకి ఓనర్ కట్టే ఫీజు) ఏటా పెంచుతారు. అద్దె ఆ లెక్కన పెంచితే మనవాళ్ళే "అన్నా, ఇంత పెంచుతారా" అంటారు.

నా టెనెంట్ నాకు చెప్పకుండా ఎదురుగా ట్రాంపోలిన్ పెట్టాడు. ఫైన్ నేను కట్టాను, వాడు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు.

వానచినుకు

> నోటీసు వాటి మధ్యలో వస్తుంది

తెనాలి గారూ, మీ ఇబ్బంది అర్థమైంది. కానీ వచ్చిన మెయిల్స్‌లో నోటీసు వెతికే పని మీకు కష్టమైతే, ఆ ఇంట్లో ఉంటూ ఆ మెయిల్ అసలు చూడలేని మాకెలా ఉంటుంది? నెల నెలా ఒకటో తారీకున అద్దె వేస్తున్నాం. బదులుగా అడిగేది ఒక్కటే, మా ఇంటి గురించి వచ్చిన ఉత్తరం మాకు కూడా కనిపించాలని.

తెనాలి ఎక్స్‌ప్రెస్

అది న్యాయమైన మాటే. ఈ థ్రెడ్ చదివాక నా పోర్టల్‌లో చూశాను, బాబాయ్ చెప్పిన గడి ఉంది. ఇప్పుడున్న ఫ్యామిలీ ఈమెయిల్ పెట్టాను.

ఓరుగల్లు

మా కథ వేరే ఉంది. ఎండాకాలం మొదలైనంక పూల్ దగ్గరికి పోతే ఫాబ్ (గేటు తెరిచే ఎలక్ట్రానిక్ తాళం) పనిచెయ్యలే. పిల్లలు టవల్స్ భుజానేసుకుని గేటు దగ్గర నిలబడ్డరు. మేనేజ్‌మెంట్‌ని అడిగితే "అకౌంట్ సస్పెండ్ అయింది" అన్నరు, ఎందుకని అడిగితే చెప్పరు, మనం ఓనర్ కాదు కదా. చివరికి తేలిందేందంటే మా ఓనర్ డ్యూస్ కట్టలే. ఆయన కట్టనిదానికి మా పిల్లలకు పూల్ బంద్. లీజు యాడ్‌లో మాత్రం పూల్, జిమ్, క్లబ్‌హౌస్ అని ఫొటోలతో వేసిండు. ఆ ఫొటోలు చూసే కదా మేం ఎక్కువ అద్దెకు ఒప్పుకున్నది.

పాత కాగితం

ఓరుగల్లు గారూ, కామన్ ఏరియా వాడకం ఆపాలన్నా అసోసియేషన్ ముందుగా ఓనర్‌కి నోటీసివ్వాలి. కాబట్టి మీ ఓనర్‌కి ముందే తెలిసి ఉండాలి. లీజులో పూల్, జిమ్ వాడకం రాసి ఉంటే ఓనర్‌ని అద్దె తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. యాడ్ స్క్రీన్‌షాట్ మీ దగ్గర ఉంటే దాచుకోండి. మీరే అద్దె కోసుకుని మాత్రం పంపకండి, టెక్సస్‌లో అది మీ మీదకే తిరుగుతుంది.

వానచినుకు గారి రూఫ్ విషయం రాత్రికి రాస్తాను, అది కాస్త పెద్దది.

ఎడిసన్ పిన్ని (న్యూజెర్సీ)

మావైపు పార్కింగ్ గొడవే గొడవ. గ్యారేజీ ఒక కారుకి, డ్రైవ్‌వే ఒక కారుకి. గెస్ట్ పార్కింగ్‌లో రాత్రి పెట్టకూడదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు చుట్టాలు చూడ్డానికి వస్తారు కదా, ఎక్కడ పెట్టాలి? వీధి కూడా అసోసియేషన్‌దే.

పేరెంట్స్ విషయంలో ఇంకోటి. విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. లీజులో గెస్ట్ ఇన్ని రోజులకంటే ఎక్కువ ఉండకూడదని ఉంటుంది. ముందుగా ఓనర్‌కి ఒక మెయిల్ పెట్టి ఒప్పుకున్నట్టు రాయించుకోండి. మా ఓనర్ మంచావిడ, వెంటనే సరే అంది. నోటిమాట మీద ఊరుకోవద్దు, ఎందుకంటే ఇల్లు మధ్యలో అమ్మేస్తే కొత్త ఓనర్‌కి ఆ మాట తెలియదు.

సీమబిడ్డ

పార్కింగ్ అంటే గుర్తొచ్చింది. నలుగురం ఫ్రెండ్స్ ఒక టౌన్‌హోమ్‌లో ఉంటాం, నాలుగు కార్లు. పొద్దున ఆఫీసుకు పోదామని దిగితే కారు లేదు. దొంగలెత్తుకుపోయారేమో అనుకుని టెన్షన్. టో చేసినారంట, అంటే ట్రక్కుకి తగిలించి లాక్కుపోయినారు. గెస్ట్ స్పాట్‌లో 24 గంటలు దాటిందని. ఎవరు లెక్కపెట్టినారో తెలీదు. కారు విడిపించుకునేసరికి ఆ నెల బడ్జెట్ గల్లంతు.

పాత కాగితం

సీమబిడ్డ, టెక్సస్‌లోనే అయితే వినండి. టోయింగ్ ఆక్యుపేషన్స్ కోడ్ 2308వ చాప్టర్ కిందికి వస్తుంది. తగిన బోర్డులు పెట్టకుండా, లేదా ఇంకేదైనా సరైన కారణం లేకుండా ఎత్తుకుపోతే జస్టిస్ కోర్టు (చిన్న కేసులు చూసే స్థానిక కోర్టు)లో హియరింగ్ అడగొచ్చు. శని, ఆదివారాలు, సెలవులు తీసేసి 14 రోజుల్లోపు అడగాలి. లాయర్ అక్కర్లేదు. అక్కడ బోర్డు ఎలా ఉందో, ఎంత ఎత్తులో ఉందో, రాత్రి కనిపిస్తుందో లేదో ఇవాళే ఫొటో తియ్యండి.

ట్రక్కు వచ్చినప్పుడే మీరు చూస్తే పరిగెత్తండి. కారు పూర్తిగా తగిలించకముందే మీరు చేరితే డబ్బులు అడక్కూడదు. తగిలించాక, అక్కడి నుంచి కదలకముందు అయితే డ్రాప్ ఫీజు కట్టి విడిపించుకోవచ్చు, అది మామూలు టో ఖర్చు కంటే చాలా తక్కువ.

బెజవాడ బాబాయ్

పార్కింగ్ మీద ఒక మాట. మా బోర్డు మీటింగుల్లో సగం సేపు దాని మీదే పోతుంది. డిజైన్‌లోనే లోపం. టౌన్‌హోమ్‌లు కట్టేటప్పుడు ఇంటికి రెండు కార్లని లెక్కేసి, వీధిని ఫైరింజన్ తిరిగేంత వెడల్పుకి కుదించేస్తారు. ఫైర్ లేన్‌లో ఆపిన కారుని మాత్రం ఎత్తాల్సిందే, దాంట్లో నేను మొహమాటపడను. గెస్ట్ స్పాట్‌ల విషయంలో అంత కఠినంగా ఉండక్కర్లేదని మా దగ్గర ఓటేసి మార్చాం. ఆ ఓటు మాత్రం ఓనర్లదే. కమ్యూనిటీలో దాదాపు సగం ఇళ్ళు అద్దెవే అయినా, రూల్ మార్చే మీటింగ్‌కి వచ్చే హక్కు ఆ సగం ఇళ్ళలో ఉంటున్నవాళ్ళకి లేదు. వాళ్ళ ఓనర్లు రారు, ప్రాక్సీ (తమ బదులు ఓటేసే మనిషి)ని కూడా పంపరు. అందుకే పార్కింగ్ రూల్స్ రెండు కార్లూ గ్యారేజీలో పట్టేవాళ్ళ లెక్క ప్రకారమే ఉంటాయి.

పాత కాగితం

రూఫ్ సంగతి.

టౌన్‌హోమ్ అన్నది కట్టడం పేరు మాత్రమే. చట్టం లెక్కలో అది రెండు రకాలుగా ఉండొచ్చు. ఒకటి, భూమితో సహా ఇల్లు ఓనర్‌ది. రెండోది, కాగితాల మీద అది కాండో, గోడల లోపలిది ఓనర్‌ది, బయటిది అందరిదీ. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, పక్కపక్కన ఉన్న రెండు కమ్యూనిటీలు వేర్వేరు రకాలు కావచ్చు. కాండో అయితే రూఫ్ సాధారణంగా అసోసియేషన్ బాధ్యత, దానికి 82వ చాప్టర్ వర్తిస్తుంది, నేను పైన చెప్పిన 209 కాదు. విడి లాట్ అయితే రూఫ్ ఓనర్‌దే కావచ్చు, కానీ కొన్ని డిక్లరేషన్లలో (కమ్యూనిటీ రూల్స్, ఎవరి బాధ్యత ఏది అని రాసి ఉండే కాగితాల్లో) రూఫ్ అసోసియేషనే చూస్తుందని రాస్తారు. అందుకే ఆ కాగితం చూడందే ఎవరూ ఖాయంగా చెప్పలేరు, మీ ఓనర్ కూడా.

మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (ఆస్తి పన్ను కోసం ఇళ్ళ విలువ కట్టే ఆఫీసు) సైట్‌లో ఇంటి అడ్రసు కొట్టండి. లీగల్ డిస్క్రిప్షన్‌లో లాట్, బ్లాక్ అని ఉంటే మొదటి రకం. యూనిట్, బిల్డింగ్, కాండో అని ఉంటే రెండో రకం. ఇది ఎవరైనా చూడొచ్చు.

ఇప్పుడు అసలు మాట. రూఫ్ ఎవరిదన్నది వాళ్ళిద్దరి తగువు. మీకు ఇల్లు అద్దెకిచ్చింది ఓనర్. ఆరోగ్యానికో భద్రతకో హాని చేసే లోపాన్ని బాగుచేయించడానికి శ్రద్ధగా ప్రయత్నించాల్సిన బాధ్యత, 92వ చాప్టర్ ప్రకారం, మీ విషయంలో ఆయనది. రిక్వెస్ట్ రాలేదని హెచ్‌ఓఏ అంటే ఆయన వాళ్ళ వెంట పడాలి, మీరు కాదు. నీళ్ళు కారి సీలింగ్ తడిసి బూజు పట్టే స్థితి అంటే ఆరోగ్యం కిందికే వస్తుందని వాదించొచ్చు.

ఎలా అడగాలంటే, అద్దె బకాయి లేకుండా చూసుకుని, సర్టిఫైడ్ మెయిల్, రిటర్న్ రసీదుతో ఒక ఉత్తరం పంపండి. అలా పంపితే ఒక్క నోటీసు చాలు. మామూలుగా చెప్తే, కొంత గడువిచ్చి మళ్ళీ రెండో నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాల్సి వస్తుంది. 7 రోజులు తగిన గడువని చట్టం అనుకుంటుంది, పరిస్థితిని బట్టి మారొచ్చు. అప్పటికీ కదలకపోతే జస్టిస్ కోర్టులో రిపేర్ ఆర్డర్ అడగొచ్చు. ఆ కోర్టు 20,000 డాలర్ల దాకా వ్యవహారాలు చూస్తుంది. ఉత్తరం పెట్టినందుకు కక్షగట్టి 6 నెలల్లోపు అద్దె పెంచడం, ఖాళీ చెయ్యమనడం లాంటివి చేస్తే అది కూడా చట్టానికి విరుద్ధం.

హోరుగాలి (వర్జీనియా)

రాష్ట్రం రాష్ట్రానికీ తేడా అని గుర్తుంచుకోండి. ఇక్కడ మేం టెనెంట్స్ అసర్షన్ అని కోర్టులో వేసి, అద్దె ఓనర్‌కి కాకుండా కోర్టులో కట్టాం. అది పడ్డాక ఓనర్‌లో కదలిక వచ్చింది. అదే పని టెక్సస్‌లో సొంతంగా చేస్తే ఎవిక్షన్ (ఇల్లు ఖాళీ చేయించడం) దాకా పోతుంది.

వానచినుకు

పాత కాగితం గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. ఇప్పుడే సైట్ చూశాను. లాట్, బ్లాక్ అనే ఉంది. అంటే రూఫ్ ఓనర్‌దే కావచ్చన్నమాట! ఇన్నాళ్ళూ హెచ్‌ఓఏ అంటూ తిప్పుతున్నాడు. డిక్లరేషన్ ఎక్కడ దొరుకుతుంది?

పాత కాగితం

కౌంటీ క్లర్క్ రికార్డుల్లో ఉంటుంది, పబ్లిక్. కమ్యూనిటీ పేరుతో వెతకండి. "మెయింటెనెన్స్" అనే భాగం చూడండి. సవరణలు కూడా ఉంటాయి, చివరిది ఏ ఏడాదిదో చూసుకోండి.

అమ్మమ్మ ఊరు

ఇల్లు కొనుక్కోండి, ఈ గొడవలే ఉండవు.

ఎడిసన్ పిన్ని

కొనుక్కుంటే హెచ్‌ఓఏ గొడవ పోతుందా? ఉత్తరం నేరుగా మన పేరుతో వస్తుంది, అంతే. పైగా హెచ్‌1 మీద ఉండి, గ్రీన్ కార్డు ఎప్పుడొస్తుందో తెలియనివాళ్ళకి కొనుక్కోమనడం సులువు కాదు. అద్దెకుంటున్నా అది ఇల్లే. అడ్జస్ట్ అవ్వడమే మన పని అన్నట్టు మాట్లాడితే ఎవరూ బాగుచెయ్యరు.

బే ఏరియా బండి (కాలిఫోర్నియా)

ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. మావైపు 2024 జూలై 1 నుంచి డిపాజిట్ ఒక నెల అద్దె కంటే ఎక్కువ అడక్కూడదు. చిన్న ఓనర్లకి మినహాయింపుంది, రెండు ఆస్తులకి మించకుండా, వాటిలో కలిపి అద్దెకిచ్చే యూనిట్లు నాలుగుకి మించకుండా ఉంటే రెండు నెలలు అడగొచ్చు. టౌన్‌హోమ్ ఓనర్లు ఎక్కువగా ఆ కోవలోకే వస్తారు. 21 రోజుల్లో తిరిగివ్వాలి, కోస్తే లెక్క రాసివ్వాలి. ఓనర్ ఇంటి ఫొటోలు తీసి ఉంచాలని కూడా 2025 నుంచి రూల్ వచ్చింది.

అద్దె పెంపు మీద ఇక్కడ పరిమితి ఉందని చాలామంది ధైర్యంగా ఉంటారు. విడిగా ఒక మనిషి పేరు మీదున్న టౌన్‌హోమ్‌కి, లీజులో ఆ సంగతి రాసి ఇస్తే, రాష్ట్ర పరిమితి వర్తించదు. ఆ పేరా ఎక్కడో చివరి పేజీల్లో ఉంటుంది, చదివాకే సంతకం పెట్టండి.

పాత కాగితం

టెక్సస్‌లో డిపాజిట్ తిరిగివ్వడానికి 30 రోజులు. ఒక్క విషయం, మీ కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇస్తేనే ఓనర్ డిపాజిట్ పంపాల్సిన బాధ్యత మొదలవుతుంది. వాడకంతో వచ్చే మామూలు అరుగుదలకి కోయకూడదు. దురుద్దేశంతో పట్టుకుంటే 100 డాలర్లు, అక్రమంగా ఆపినదానికి మూడింతలు, లాయర్ ఫీజు కూడా ఇవ్వాల్సి రావచ్చు.

సీమబిడ్డ

ఇంకో డౌట్. దసరాకి గుమ్మానికి తోరణం కట్టినాం. తీసెయ్యమని నోటీసు వస్తాదా?

బెజవాడ బాబాయ్

టెక్సస్‌లో తియ్యమనలేరు బాబూ. మత విశ్వాసంతో ఇంటి దగ్గర పెట్టుకునే వస్తువుల్ని అసోసియేషన్ నిషేధించకూడదని చట్టం ఉంది. అది ఓనర్‌కే కాదు, అక్కడ నివాసముండేవాళ్ళకీ వర్తిస్తుంది. 2011లో గుమ్మం తలుపు వరకే, అదీ చిన్న సైజుకే ఉండేది. 2021లో విస్తరించారు. కామన్ ఏరియాలో మాత్రం పెట్టకూడదు. కాబట్టి గుమ్మానికి తోరణం నిశ్చింతగా కట్టుకోండి. అందరూ నడిచే దారిలో ముగ్గు వేస్తే ఈ రక్షణ వస్తుందని చెప్పలేను.

హోరుగాలి

పిల్లల విషయం కూడా చెప్పాలి. "పిల్లలు బయట ఆడకూడదు" అని కేవలం పిల్లల్నే ఉద్దేశించి రూల్ పెడితే ఊరుకోకండి. ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ 1968ది, పిల్లలున్న కుటుంబాల పట్ల వివక్ష చూపకూడదని 1988లో చేర్చారు. హడ్ (కేంద్ర ప్రభుత్వ గృహ శాఖ)కి ఏడాదిలోపు ఫిర్యాదు చెయ్యొచ్చు. డ్రైవ్‌వేలో వస్తువులు వదలొద్దని అందరికీ ఒకే రూల్ పెట్టడం వేరు, అది చెల్లుతుంది. కాబట్టి వానచినుకు గారూ, సైకిల్ లోపల పెట్టుకోండి.

ఓరుగల్లు

అప్‌డేట్. అద్దె తగ్గించమని మెయిల్ పెట్టిన. పూల్ ఫొటో ఉన్న యాడ్ కూడా అటాచ్ చేసిన. ఓనర్ డ్యూస్ కట్టిండంట, ఫాబ్ పనిచేస్తుంది. అద్దె తగ్గింపు మీద మాత్రం ఇంకా జవాబు లేదు, మళ్ళీ రాస్త.

వానచినుకు

డిక్లరేషన్ దొరికింది. రూఫ్ లాట్ ఓనర్ బాధ్యత అని స్పష్టంగా ఉంది. ఉత్తరం రాశాను, ఎవరైనా తప్పులుంటే చెప్పండి. ముఖ్యమైన భాగం ఇది:

"పైన బెడ్‌రూమ్ సీలింగ్ నుంచి వానప్పుడు నీరు కారుతోంది. ఫొటోలు జతచేశాను. డిక్లరేషన్ ప్రకారం రూఫ్ మరమ్మతు ఓనర్ బాధ్యత, ఆ పేజీ కాపీ జతచేశాను. మా అద్దె బకాయి లేదు. ఈ లోపం వల్ల మా పిల్లల ఆరోగ్యానికి హాని ఉంది, కనుక వెంటనే బాగుచేయించగలరు. ఇకపై ఇంటికి సంబంధించిన హెచ్‌ఓఏ నోటీసులన్నీ అందిన రోజే మాకు పంపాలనీ, మేనేజ్‌మెంట్ కంపెనీతో మేం మాట్లాడటానికి అనుమతిస్తూ ఒక సంతకం చేసిన లేఖ ఇవ్వాలనీ కోరుతున్నాం."

ఫైన్ గురించి వేరే ఈమెయిల్ పెట్టాను, తేదీలతో. చెప్పుల స్టాండు లోపలికి మార్చేశాం.

పాత కాగితం

బాగా రాశారు. రెండు సూచనలు. తెలుగులో ఆలోచించినా ఉత్తరం ఇంగ్లిష్‌లోనే వెళ్ళాలి కదా, అందులో కఠినమైన మాటలు పెట్టకండి. రేపు జడ్జి చదివేది అదే కాగితం. రెండు, లీజులో నోటీసులు పంపాల్సిన అడ్రసు ఏదని ఉందో అక్కడికే పంపండి, ఓనర్ ఇప్పుడుండే అడ్రసు వేరైతే దానికి ఇంకో కాపీ. సంతకంతో తిరిగొచ్చే రసీదు దాచండి.

రెంటర్స్ ఇన్సూరెన్స్ ఉందా? మీ మంచం, పరుపు తడిస్తే ఓనర్ పాలసీగానీ అసోసియేషన్ పాలసీగానీ ఇవ్వవు, అవి కట్టడం వరకే. మీ పాలసీలో రూఫ్ లీక్ ఏ పరిస్థితుల్లో కవర్ అవుతుందో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి. నెమ్మదిగా ఎన్నాళ్ళుగానో కారుతున్నదానికి డబ్బులు ఇవ్వబోమని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది.

తెనాలి ఎక్స్‌ప్రెస్

ఓనర్‌గా చెప్తున్నా, ఆ అనుమతి లేఖ అడిగితే చాలామంది భయపడతారు, టెనెంట్ మన పేరు మీద ఏం మాట్లాడతాడో అని. "సమాచారం తెలుసుకోవడానికి, మరమ్మతు రిక్వెస్ట్ పెట్టడానికి మాత్రమే" అని రాస్తే సంతకం తొందరగా వస్తుంది. నేనైతే చేస్తాను.

వానచినుకు

ఆ మాట చేర్చాను. రేపు పొద్దున పోస్టాఫీసు తెరవగానే పంపుతున్నా. జవాబు వచ్చాక ఇక్కడే రాస్తాను. అప్పటిదాకా ఎవరైనా కొత్తగా టౌన్‌హోమ్ అద్దెకు తీసుకోబోతుంటే, సంతకానికి ముందే ఆ నోటీసుల పేరా, అనుమతి లేఖ రెండూ లీజులో అడగండి. ఓనర్ ఒప్పుకోకపోతే ఎందుకని అడిగి, ఆ జవాబు కూడా ఇక్కడ రాయండి.